ఫోకియోన్ గారి మేక

ఏథెన్స్,
1965 ఫిబ్రవరి 8

గౌరవనీయులైన స్తమాటియా గారి సముఖానికి,

నమస్కారాలు. నా పేరు లియాండ్రోస్ వెంటూరిస్. ఇక్కడ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెబుతాను. మీ అన్నగారు, కీర్తిశేషులు ఫోకియోన్ కరవేలాస్ గారి జీవిత చరిత్ర రాస్తున్నాను. అక్టోబరులో జాతీయ పండుగ నాటికి పుస్తకం బయటికి రావాలని ప్రచురణకర్త పట్టుదల.

ఇటాలియన్లు మీ అగ్రియాడా ద్వీపాన్ని పట్టుకున్న రోజుల్లో ఏడు ద్వీపాల రహస్య సంఘాన్ని నడిపిన నాయకుడాయన. ఆయన ఉపన్యాసాలన్నీ నాకు కంఠతా వచ్చు. చిక్కేమిటంటే, ఉపన్యాసాల్లో మనిషి కనబడడు. అక్కడ ఆయన ఎప్పుడూ ఛాతీ ముందుకు పెట్టి నిలబడే ఉంటారు. కూర్చున్నప్పుడు ఎలా ఉండేవారు, దేనికి భయపడేవారు, ఎవరిమీద విసుక్కునేవారు? నాకు కావలసింది అది.

అదృష్టవశాత్తూ ఆయన లాయరు గారి పెట్టెలో, ఆయన యుద్ధకాలంలో స్వదస్తూరీతో రాసుకున్న నోటు పుస్తకాలు రెండు దొరికాయి. తేదీలున్నాయి, సంవత్సరాలు లేవు. అందులో కొన్ని వాక్యాలు నాకు కొరుకుడు పడటం లేదు. చూడండి:

“మార్చి 3. మేక ఇవాళ కూడా మొండికేసింది. వెనకనుంచి వెళ్ళాను. తన్నింది.”

“మార్చి 9. మేకను కొండ అవతలికి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. దేవుడికి దండాలు.”

ఈ “మేక” ఎవరు? ఇటాలియన్ అధికారా? మనవాళ్ళలోనే ఎవరికైనా పెట్టిన మారుపేరా? దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
లియాండ్రోస్ వెంటూరిస్

తా.క.: అట్ట మీద ఆయన గుర్రం ఎక్కిన బొమ్మ వేయాలని ప్రచురణకర్త కోరిక. ఆయన మంచి రౌతేనా?

•

అగ్రియాడా,
ఫిబ్రవరి 19

ప్రొఫెసరు గారికి స్తమాటియా రాయునది.

మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. అన్నయ్య గురించి ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు, సంతోషం.

మీరడిగిన మేక సంగతి. అది మేకే. నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, గడ్డం. పేరు ఆసిమో. తెల్లగా వెండిలా ఉండేదని ఆ పేరు పెట్టాం.

అన్నయ్య పార్లమెంటులో లేచి నిలబడితే మంత్రులు కుర్చీల్లో కుదురుగా కూర్చోలేకపోయేవారట. అలాంటి మనిషి గిన్నె పట్టుకుని దగ్గరికి వెళితే ఆసిమో చెవి కూడా కదిపేది కాదు. వెనకనుంచి వెళ్ళేవాడు, తన్నేది. పక్కనుంచి వెళ్ళేవాడు, గిన్నె తన్నేది.

“ఒసేయ్ స్తమాటియా, ఇది నా మాట వినడం లేదే!” అని పెరట్లోంచి కేక పెట్టేవాడు.

“అన్నయ్యా, అది వోటరు కాదు, మేక. ముందు పొదుగు పట్టుకో, తర్వాత ఉపన్యాసం ఇద్దువుగాని” అనేదాన్ని.

ఇక కొండ అవతలికి పంపడమంటే, మేత కోసం. సాయంత్రానికి తిరిగిరావడం దాని అలవాటు. మేకలన్నీ అంతే. అందులో దండం పెట్టాల్సిందేముందో నాకూ తెలియదు. అన్నయ్యకి ప్రతిదానికీ దేవుణ్ణి లాగడం అలవాటు.

ఉంటాను. పొయ్యి మీద చిక్కుడుగింజలు మాడుతున్నాయి.
స్తమాటియా

తా.క.: గుర్రమంటే అన్నయ్యకి హడల్. జన్మలో ఒకసారి గాడిద ఎక్కాడు, చర్చి ముందు పడ్డాడు. అట్ట మీద కూర్చోబెట్టండి, కుర్చీలో.

ఇంకో తా.క.: ఆ నోటు పుస్తకాల్లో నా గురించి ఏమైనా రాశాడా? ఊరికే అడుగుతున్నా. యుద్ధం మూడేళ్ళూ వాడికి వండిపెట్టింది నేను, కాగితాలు పిండి జాడీలో దాచింది నేను. రాయకపోయినా ఫరవాలేదనుకోండి.

•

ఏథెన్స్,
మార్చి 2

మాన్యులైన స్తమాటియా గారికి,

అనేక వందనాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి ఆలోచనలో పడ్డాను. మూడోసారి లేచి నిలబడ్డాను.

అమ్మా, మీరు చెప్పదలచుకోలేదు. అర్థమైంది. ఇరవై ఏళ్ళు గడిచినా పెదవి విప్పని ఆ నిష్ఠకి తలవంచుతున్నాను. కానీ నేను శత్రువుని కాను, చరిత్రకారుణ్ణి. ఈ మాటలు చూసి మీరే చెప్పండి:

“ఏప్రిల్ 2. మేకకి అంతా చెప్పేశాను. వింది. అది ఎవరికీ చెప్పదు.”

ఒక ఉద్యమ నాయకుడు మేకకి అంతా చెప్పడమేమిటి? ఇది మారుపేరే. కావాలంటే మన ఉత్తరాల్లో మనమూ ఆ మాటే వాడుకుందాం. కాబట్టి ఇలా అడుగుతాను: మేక క్షేమమేనా? ఇంకా ద్వీపంలోనే ఉందా?

సదా మీ గోప్యతను కాపాడే,
లియాండ్రోస్

తా.క.: రెండు పుస్తకాలూ మొదటినుంచి చివరిదాకా వెదికాను. మీ పేరు ఒక్కచోట ఉంది. “స్తమాటియా. ఉప్పు కావాలంది.” అంతే. మన్నించాలి.

•

అగ్రియాడా,
మార్చి 13

లియాండ్రోస్ గారికి,

ఉప్పు.

మూడేళ్ళు. ఉప్పు.

మీ ఉత్తరం వచ్చి వారమైంది. కోపం దిగాక రాద్దామని ఆగాను. దిగలేదు, రాస్తున్నాను. యుద్ధం అయ్యాక అన్నయ్య రేవులో గంటన్నర ఉపన్యాసం ఇచ్చాడు. పడవలవాళ్ళకి ధన్యవాదాలు చెప్పాడు, పాదిరీకి చెప్పాడు, ద్వీపంలో గాలికి కూడా చెప్పాడు. నేను ముందు వరసలో నిలబడి ఉన్నాను, గాలి తర్వాత నన్నే తలుస్తాడని. తలవలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు, అప్పుడూ నోరు విప్పలేదు. పోనీ కాగితం మీదైనా రాసుకుని ఉంటాడని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

సరే. మేకకి అంతా చెప్పడంలో వింతేముంది? వాడు ఉపన్యాసాలన్నీ మేక ముందే వల్లెవేసేవాడు. పార్లమెంటులో కన్నా శ్రద్ధగా వింటుందనేవాడు. మేక క్షేమమా అని అడిగారు. ఇరవై ఏళ్ళ మేక ఎక్కడైనా ఉంటుందా నాయనా? మీరు ఏ తరగతిదాకా చదివారు? అది యుద్ధంలోనే పోయింది. ఎలా పోయిందో రాయను, నాకు ఇప్పటికీ బాధే.

స్తమాటియా

తా.క.: ఆ ఉప్పు కూడా తేలేదు వాడు. మరిచిపోయాడు.

•

ఏథెన్స్,
ఏప్రిల్ 11

అమ్మా,

మీ పాదాలకు నమస్కరించి రాస్తున్నాను. మీకు చెప్పకుండా ఒక పని చేశాను. నిన్న చరిత్ర పరిషత్తులో ఈ నోటు పుస్తకాల మీద ఉపన్యాసం ఇచ్చాను. “ఫోకియోన్ కరవేలాస్ కుడి భుజం ఎవరు?” అని అడిగి, మేక అన్న మారుపేరు వెనక ఒక ధైర్యవంతురాలైన స్త్రీ ఉందని నిరూపించాను. కొండలెక్కి వార్తలు మోసింది ఆమె. నాయకుడు తన గుండెలోది విప్పి చెప్పుకుంది ఆమెతో. ఎవరికీ లొంగనిది, తన్నడానికైనా వెనకాడనిది ఆమె. సభ లేచి చప్పట్లు కొట్టింది. ఇవాళ పత్రికలో మొదటి పేజీలో వేశారు: “ఎవరీ మేక?”

ఇప్పుడు గుండె చిక్కబట్టుకుని అడుగుతున్నాను. తప్పైతే మన్నించండి. అమ్మా, ఆ మేక మీరేనా?

ఆత్రంగా,
లియాండ్రోస్

తా.క.: పత్రిక కోసం బొమ్మ గీసినాయన మిమ్మల్ని చూడలేదు కాబట్టి ఊహించి గీశాడు. గడ్డం మాత్రం తీయించేశాను.

•

అగ్రియాడా,
ఏప్రిల్ 28

మహా పండితుడైన లియాండ్రోస్‌కి,

ఈస్టరు ముందు ఉపవాసాల వారంలో ఎవరినీ తిట్టకూడదని పండుగ అయ్యేదాకా ఆగాను. పండుగ అయిపోయింది.

నన్ను మేక అంటావా? మా నాన్న అనలేదు, మా ఆయన బతికుండగా అనలేదు, ఇటాలియన్ సార్జంటు కూడా నన్ను మర్యాదగా “సిన్యోరా” అన్నాడు. నువ్వు పత్రికలో వేయించావు, గడ్డం తీయించానని దయ ఒకటి! వందోసారి చెబుతున్నాను. మేక, మేక. పాలిచ్చేది.

నీ పత్రిక పడవలో వచ్చిన రోజునుంచి ఇక్కడ ఎవరికీ బుర్ర నిలకడగా లేదు. మందుల షాపు ఆయన భార్య కల్లిరోయి ఉంది, ఆయన పోయాక షాపు తనే చూసుకుంటోంది. ఆదివారం చర్చి మెట్ల మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడింది. ఎందుకే అవి, కంటికేమైనా అయిందా అన్నాను.

“స్తమాటియా, కొన్ని సంగతులు అడక్కూడదు” అంది, గొంతు తగ్గించి.

“ఏ సంగతులే?”

“మీ అన్నయ్యా నేనూ మాట ఇచ్చుకున్నాం. ఇక దాచి లాభం లేదు, పత్రికలే రాసేశాయిగా.”

“నువ్వా మేకవి?”

“నేనా మాట అనలేదు” అని, అటు తిరిగి, చుట్టూ చేరిన పదిమందికీ వినబడేలా “నేనేం కాదనలేదు కూడా” అంది.

యుద్ధంలో ఈవిడ చేసింది ఇటాలియన్లకి దగ్గుమందు అమ్మడం! వాళ్ళ దగ్గు తగ్గలేదు, అదొక్కటే ఈవిడ చేసిన దేశసేవ. ఇప్పుడు ఏథెన్స్ నుంచి ఫొటోలు తీసేవాళ్ళొస్తే కొండ ఎక్కి దిగి చూపిస్తోంది. ఆ కొండ ఎక్కితే ఆవిడకి రెండు రోజులు మంచమే, అయినా ఎక్కుతోంది.

నాయనా, ఆ పేజీలు నాకు పంపు. అది మేకేనని అక్షరం అక్షరం చూపించి నిరూపిస్తాను. మా ఆసిమో పేరు కల్లిరోయి ఎత్తుకుపోతే నేను ఊరుకోను.

స్తమాటియా

తా.క.: ఈస్టరు రొట్టె ఒకటి పంపుతున్నాను. తిట్టినంత మాత్రాన తిండి పెట్టకూడదని లేదు.

•

ఏథెన్స్,
మే 15

పూజ్యులైన స్తమాటియా గారికి,

రొట్టె అందింది. మా ఆవిడ, నేను, పిల్లలు పోటీపడి తిన్నాం. పత్రికలో వేయించినందుకు క్షమించండి. మిమ్మల్ని నొప్పించాను.

అయితే నా పరిశోధన ఒక ఒడ్డుకి చేరింది. శ్రీమతి కల్లిరోయి గారు నాకు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. ప్రతి ప్రశ్నకీ జవాబుంది. తన్నిన మాట నిజమేనా అంటే “నిజమే, చాలాసార్లు” అన్నారు. నన్ను అన్నిటికన్నా వేధించిన వాక్యం ఇది: “సెప్టెంబరు 9. ఇటాలియన్లు తుపాకులు పారేసి వీధుల్లో పాటలు పాడుతున్నారు. మేక వాళ్ళకి కూడా సూప్ పోసింది.” సూప్ అంటే మందుగుండు అని నా ఊహ. కల్లిరోయి గారిని అడిగితే “మీరు చాలా తెలివైనవారు” అన్నారు. దాంతో నా అనుమానాలన్నీ తీరాయి. ఆమె పేరిట ఒక ప్రత్యేక అధ్యాయం రాస్తున్నాను.

మీరు అడిగినట్టు రెండు పుస్తకాల్లోని అన్ని పేజీల ఫొటోలూ ఈ కట్టలో పంపుతున్నాను. జూన్ పదో తేదీన రాతప్రతి అచ్చుకి వెళుతుంది. అభ్యంతరం ఉంటే ఈలోగా రాయండి.

మీ ఆశీస్సులు కోరే,
లియాండ్రోస్

తా.క.: కల్లిరోయి గారు దగ్గుమందు కూడా పంపారు. నాకు దగ్గు లేదు. తాగాక వచ్చింది.

•

అగ్రియాడా,
జూన్ 1

నాయనా లియాండ్రోస్,

కూర్చుని చదువు. నిలబడి చదవకు, నువ్వు నిలబడ్డావంటే మళ్ళీ పత్రికల దాకా వెళతావు.

ముందు సూప్. నీ ఉత్తరంలో ఆ మాట చదివి నవ్వాను. మందుగుండట! ఇటాలియన్లు లొంగిపోయిన రోజు నాకు బాగా గుర్తు. వాళ్ళు పిల్లల్లా రేవులో పాడుకుంటూ తిరిగారు. పాపం వాళ్ళకీ తిండి లేక ఎన్నాళ్ళయిందో. మా గుమ్మం ముందు తొమ్మిదిమంది చేరారు. పెద్ద కుండలో చిక్కుడుగింజల సూప్ ఉంది. పోశాను. “వాళ్ళకి కూడానా?” అన్నాడు అన్నయ్య. “ఆకలికి యూనిఫారం ఉంటుందా?” అన్నాను. అది నా సూప్ నాయనా, అందులో మందుగుండు లేదు, కాస్త పుదీనా ఉంది.

ఇలా అనుకుని నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. సూప్ పోసింది నేనైతే, మేక పోసిందని ఎందుకు రాశాడు? మేక సూప్ పోస్తుందా?

అప్పుడు నీ ఫొటోలు ముందేసుకుని, భూతద్దం పెట్టి, మొదటినుంచి మొదలుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. ఇదివరకు నీకు రాయనన్న సంగతి ఇప్పుడు రాస్తాను. ఆసిమో పోయింది నలభై రెండు ఫిబ్రవరిలో, ఆ ఆకలి చలికాలంలో. రోజూ ఎవరో ఒకరింటి నుంచి చావు కబురు వచ్చేది. నేనే వండాను దాన్ని. మా వీధిలో పధ్నాలుగు ఇళ్ళవాళ్ళు తిన్నారు. అన్నయ్య తినలేదు, పెరట్లో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇటాలియన్లు లొంగిపోయింది ఆ మరుసటేడు సెప్టెంబరులో. అప్పటికి మా ఇంట్లో మేక లేదు. అన్నయ్య పుస్తకంలో మాత్రం ఉంది.

నీ మార్చి మూడు చూడు. “వెనకనుంచి వెళ్ళాను. తన్నింది.” నేను మా రొట్టెలో సగం పక్కింటి పిల్లలకి పెడుతున్నానని వాడికి కోపం. “నువ్వు తినవు, పడిపోతావు” అని పొయ్యి దగ్గర వెనకనుంచి వచ్చి రొట్టె లాక్కోబోయాడు. తన్నాను. మోకాలి మీద. కుంటుతూ వెళ్ళి రాసుకున్నాడు కాబోలు. మార్చి తొమ్మిది, కొండ అవతలి రేవుకి ఉత్తరం తీసుకెళ్ళింది నేనే. బుట్టలో అడవి కూరాకు వేసి, దాని కింద పెట్టుకుని. సాయంత్రం తిరిగొచ్చేసరికి వాడు గుమ్మంలో నిలబడి “ఇంత ఆలస్యమా, వంట ఎవరు చేస్తారు?” అని అరిచాడు. లోపలికి వెళ్ళి దేవుడికి దండాలు అని రాశాడు. అంతా చెప్పేశాను అన్నది కూడా నాతోనే. ఏడు ద్వీపాల్లో ఏడుగురి పేర్లు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా నీకు చెప్పను.

ఆ పుస్తకం సైన్యం చేతిలో పడితే నా పేరు ఉండకూడదనే వాడి జాగ్రత్త. ఉప్పు అడిగిన చెల్లెలికి ఏ సైన్యం శిక్ష వేస్తుంది? అందుకే అది ఒక్కటే నా పేరుతో రాశాడు.

ఇక రెండో పుస్తకం చివరి పేజీ. నువ్వు దాన్ని ఏమనుకున్నావో నాకు తెలియదు, ఏ ఇంగ్లీషు జనరల్‌కో ధన్యవాదాలనుకుని ఉంటావు. నేను ఇక్కడ తిరిగి రాస్తున్నాను:

“అంతా అయిపోయాక మేకకి ఒక మాట చెప్పాలి. పార్లమెంటులో మూడు గంటలు మాట్లాడగలను. దీని ముందు నిలబడితే నోరు రాదు. రేపు చెబుతాను.”

ఏడ్చానని అనుకోకు. ఏడ్చాను, కొంచెం. తర్వాత వాడి ఫొటో దగ్గరికి వెళ్ళి “చెప్పకపోతే పోయావులే, రాశావుగా పిరికివాడా!” అన్నాను. ఇంట్లో ఒక్కదాన్నే అంత గట్టిగా నవ్వేసరికి పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు.

ఆ పేజీ పట్టుకుని నేరుగా మందుల షాపుకి వెళ్ళాను. కల్లిరోయి నల్ల కళ్ళద్దాల్లోంచి మందు సీసాల మీది పేర్లు కనబడక తంటాలు పడుతోంది.

“కల్లిరోయీ, ఇటాలియన్లకి సూప్ పోశావట కదా. ఏ గింజల సూప్?”

“పప్పు… పప్పు సూప్” అంది.

“చిక్కుడు!”

కళ్ళద్దాలు తీసేసింది. “మా ఆయన పోయాక ఈ షాపులోకి ఎవరైనా వస్తే రోగం గురించే మాట్లాడతారు స్తమాటియా. ఈ నెలన్నరా నా గురించి అడిగారు. భలే ఉండిందే” అంది. ఏమనను? కాఫీ పెట్టమన్నాను. ఇద్దరం తాగాం. కొండ ఎక్కినందుకు కాళ్ళకి ఏం రాసుకోవాలో ఆవిడే నాకు చెప్పింది, నాకూ మోకాలు కదా.

నువ్వు ఆవిడ అధ్యాయం తీసేసి నాది రాయి. మొదటే కనిపెట్టావు, తిట్టింది నేను. అయితే నేను తిట్టిన తిట్లూ పుస్తకంలో వెయ్యి, నువ్వు సూప్‌ని మందుగుండు చేసిన సంగతీ వెయ్యి. పెద్దవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు వాళ్ళ వంటింట్లో ఎవరున్నారో ముందు అడగాలని మీ విద్యార్థులకి చెప్పు. ఆగస్టులో మేరీమాత పండుగకి మీ ఆవిణ్ణీ పిల్లల్నీ తీసుకుని ఇక్కడికి రా. అన్నయ్య తేవడం మరిచిన ఉప్పుతో సహా అన్నీ ఉన్నాయి.

ఇట్లు,
మేక

తా.క.: నిన్న నేనూ ఒక నోటు పుస్తకం కొన్నాను. రోజూ రాస్తున్నాను. అందులో నువ్వూ ఉన్నావు. మర్యాద కోసం నీ పేరు రాయలేదు, ఒక జంతువు పేరు పెట్టాను. ఏ జంతువో చెప్పను. పరిశోధించుకో.